పండితుడూ మొద్దూ ఎర్రనీళ్లూ

ఆ రోజుల్లో నన్నెవరైనా "ఏం పని చేస్తాండావప్పా?" అని అడిగితే నా గుండె జారిపోయేది. బదులు చెప్పలేక కాదు, చెప్పాక వాళ్లు చూసే చూపు తట్టుకోలేక. పోలీసు, టీచరు, కండక్టరు అని ఒక్క ముక్కలో చెప్పగలిగే ఉద్యోగాలు చేసేవాళ్లంటే నాకు ఇప్పటికీ అసూయే. బ్యాక్టీరియా అని కంటికి కనబడని ప్రాణి ఒకటుంటుందనీ, వాటిలో ఒక రకం అద్దకం రంగుల్ని విరగ్గొట్టే ఎంజైమును తయారు చేస్తుందనీ, ఆ తయారీ విద్యను దాని దగ్గర్నుంచి తీసి ఇంకో రకం బ్యాక్టీరియాలో పెట్టి, దానిచేత పని చేయించడం నా ఉద్యోగమనీ మొదలుపెట్టేవాణ్ణి. సగం దూరం పోయేసరికి వినేవాళ్ల ముఖంలోనూ చెప్పే నా ముఖంలోనూ ఒకే రకం అయోమయం కనబడేది. కోసిగిలో మా చిన్నమ్మ అంతా ఓపిగ్గా విని, ఇరుగుపొరుగుకు తనే తేల్చి చెప్పేసింది. "మావోడు ఆదోనిలో నీళ్లు కడిగే పని చేస్తాండాడు." బట్టలు కడగడం తెలుసు, అంట్లు కడగడం తెలుసు, నీళ్లను దేంతో కడుగుతారని ఊళ్లోవాళ్లు కొన్నాళ్లు బుర్ర గోక్కున్నారు. (ఆ ప్రశ్నకు జవాబు మా ల్యాబులో కూడా ఎవరికీ తెలియదని పాపం వాళ్లకు తెలియదు.)

ఆదోనిలో ఒక కాలేజీ, ఆ కాలేజీలో రెండు గదుల ల్యాబు, ఆ ల్యాబులో మా సార్, ఆయన కింద నేను. అదే మా సంస్థానం. సార్‌ను పిల్లలు చాటుగా రుజువు సార్ అనేవాళ్లు. "సార్, ఈరోజు ఎండ ఎక్కువగా ఉంది" అన్నా "రుజువేది?" అని అడిగే మనిషి ఆయన. సెలవు రోజుల్లో చుట్టుపక్కల బడులకు పోయి పిల్లల ముందు నాలుక మీద కర్పూరం వెలిగించుకుని, నిమ్మకాయలో ఎర్రరంగు తెప్పించి, దిష్టి లేదు, దెయ్యం లేదు, శకునం లేదు అని ఉపన్యాసాలు చెప్పేవాడు. నేను కర్పూరం డబ్బా పట్టుకుని వెంట పోయేవాణ్ణి. ఒకసారి పత్తికొండకు బయలుదేరుతుంటే పిల్లి ఎదురైందని నేను ఒక్క క్షణం నిలబడ్డాను. దారి పొడుగునా, టమోటా ట్రాక్టర్ల మధ్య బండి నడుపుతూనే, పిల్లి మెదడు గురించి ఆయన చెప్పిన పాఠం నాకు ఇంకా గుర్తే. ఆ తర్వాత సార్ దగ్గర తుమ్మాలన్నా నాకు భయంగా ఉండేది.

సార్‌ది ఎమ్మిగనూరు, చేనేత కుటుంబం. అమ్మా తమ్ముడూ ఇప్పటికీ అక్కడే మగ్గం మీద బతుకుతున్నారని ఆయనే చెప్పేవాడు. వాళ్ల వీధి చివర నూలుకు రంగులద్దే షెడ్లు ఉండేవి. వాటి వెనక కాలువలో నీళ్లు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా, రెండూ కలిసిన రోజు చెప్పలేని రంగులో పారేవి. సార్ చిన్నప్పుడు ఆ కాలువలో కాగితం పడవలు వేసి ఇంట్లో తన్నులు తిన్నాడట. పెద్దయ్యాక అదే కాలువ అడుగు బురదలో రంగును తినే బ్యాక్టీరియా ఉందని కనిపెట్టాడు. కానీ అది ఆ బురద తప్ప ఇంకేదీ ఒంటబట్టని ఘటం. ల్యాబుకు తెచ్చి ఎంత మంచి తిండి పెట్టినా చిక్కి చచ్చిపోయేది. అందుకే సార్, ఎంజైము తయారీ విద్య దాగి ఉన్న దాని జన్యువును తీసి, ల్యాబుల్లో ఏది పెడితే అది తిని హాయిగా పెరిగే ఇంకో బ్యాక్టీరియాలో పెట్టాడు. ఇప్పుడది ఎంజైమును తయారు చెయ్యాలి, ఆ ఎంజైము ఎర్రరంగును విరగ్గొట్టాలి, నీళ్లు తేటపడాలి. చెప్పడానికి ఇంతే.

నేను రోజూ సాయంత్రం రెండు గాజు ఫ్లాస్కుల్లో ఎర్రరంగు నీళ్లు పోసేవాణ్ణి. ఒకదాంట్లో జన్యువు పెట్టిన బ్యాక్టీరియా, రెండోదాంట్లో ఏమీ పెట్టని మామూలు బ్యాక్టీరియా. మొదటిది రంగు పోగొట్టి, రెండోది పోగొట్టకపోతేనే అది మా జన్యువు గొప్పతనమని రుజువైనట్టు. సార్ వాటికి ఏవో నంబర్లు పెట్టాడు. నంబర్లు నాకు తారుమారవుతాయని నేను మనసులో మొదటిదానికి పండితుడు, రెండోదానికి మొద్దు అని పేర్లు పెట్టుకున్నాను. వాటిని లోపలి గదిలో ఉన్న షేకర్‌లో పెట్టేవాళ్లం. షేకర్ అంటే రాత్రంతా ఫ్లాస్కుల్ని గుండ్రంగా తిప్పుతూ ఊపే పెట్టె. ఊపితే గాలి బాగా కలుస్తుంది, గాలి కలిస్తే బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది, ఇది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. మా దగ్గర ఉన్న విలువైన వస్తువు అదొక్కటే కాబట్టి ఆ గదికి తాళం, తాళంచెవి సార్ దగ్గర. కరెంటు పోయినా అది ఆగకూడదని సార్ ఎవరెవర్నో బతిమాలి దానికొక ఇన్వర్టర్ కూడా పెట్టించాడు. ఆ ఇన్వర్టరే గనక లేకపోతే ఈ కథంతా ఒక వారంలో ముగిసిపోయేది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పొద్దున పోయి చూస్తే పండితుడు ఎర్రగా ఉండేవాడు. మొద్దు కూడా ఎర్రగా ఉండేవాడు. మర్నాడూ అంతే. వేడి తగ్గించాం, పెంచాం. తిండి మార్చాం. రంగు తగ్గించాం. పండితుడు దసరా చీరలాగా నిగనిగలాడుతూ పలకరించేవాడు. నెలలు గడిచేకొద్దీ నాకు ఎర్రరంగంటే విరక్తి పుట్టి, హోటల్లో ఎర్రకారం దోశ కూడా మానేశాను.

అసలు భయం వేరే ఉంది. ఆ ప్రాజెక్టును ఏడాదికే ఇచ్చారు. ఏడాది చివర హైదరాబాదు నుంచి కమిటీ వచ్చి, పని జరిగిందనుకుంటే పొడిగిస్తుంది, లేదంటే మూసేస్తుంది. మూసేస్తే సార్‌కు పోయేదేమీ లేదు, ఆయనది పర్మనెంటు ఉద్యోగం. పోయేది నా ఒక్కడి ఉద్యోగమే. వానలు లేని ఏడు మా ఊరు సగం ఖాళీ అవుతుంది. అట్లా పోయినవాళ్లలో మా మేనమామ బెంగళూరులో నిలదొక్కుకుని భవనాల దగ్గర సెంట్రింగ్ పని చేయిస్తున్నాడు. నాకు అక్కడ చోటు చూసిపెట్టానని వారం వారం ఫోన్ చేసేవాడు. "ఏమల్లుడూ, నీళ్లు తెల్లగైనాయా, బస్సెక్కుతావా?" అమ్మ మాత్రం ఏమీ అడిగేది కాదు. మామ ఫోన్ చేసినప్పుడల్లా పక్కనుండి, "వానిది సదువు పని లేబ్బా, టైం పడతాది" అనేదట. అది తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున, సార్ లోపలి గది తలుపు తీస్తే, పెట్టె మూత ఎత్తి నేను అరిచిన అరుపుకు పక్క క్లాసులో పాఠం ఆగిపోయింది. పండితుడు తేటగా ఉన్నాడు! ఎర్రదనం ఆనవాలు లేదు. పట్టుకుని ఎగిరాను. ఎగిరి కిందికి దిగాక పక్కన చూస్తే మొద్దు కూడా తేటగా ఉన్నాడు. నాకు ఏమీ అర్థం కాలేదు. ఏమీ నేర్పని మొద్దు ఎట్లా రాశాడు పరీక్ష? సార్ రెండు ఫ్లాస్కుల్నీ వెలుతురుకు పెట్టి చూసి, వాసన చూసి, నన్ను చూశాడు.

"వీటిని దేంతో కడిగినావు?"

"రోజూ కడిగినట్లే కడిగినా సార్."

"బ్లీచింగ్ పౌడర్ మిగిలిపోయింటాది అడుగున. రంగును అది తినేసింటాది. జాగర్తగా కడగల్లప్పా. మళ్లీ చెయ్యి."

మళ్లీ చేశాను. ఎర్రగా వచ్చింది. మర్నాడూ ఎర్రగానే. సార్ చెప్పిందే నిజమనుకుని ఫ్లాస్కుల్ని నా చేతి చర్మం ఊడేదాకా కడిగాను. (చిన్నమ్మ చెప్పిన నీళ్లు కడిగే పని ఏమో గానీ సీసాలు కడిగే పనిలో మాత్రం ఆరితేరాను.) కొన్ని వారాలు పోయాక మళ్లీ ఒక పొద్దున రెండూ తేటపడ్డాయి. నేనే సరిగా కడగలేదని సార్ మళ్లీ అన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఎరుపు. ఇక నాకు పిచ్చి పట్టింది. ఆ రెండు రోజుల్లో నేనేం చేశానో తిరిగి చెయ్యాలని తీర్మానించుకున్నాను. ఆ రోజు పచ్చచొక్కా వేసుకున్నట్టు గుర్తొచ్చి వారమంతా అదే తొడుక్కున్నాను. రైల్వే గేటు పడి ఆలస్యమైనట్టు గుర్తొచ్చి, గేటు పడేదాకా రోడ్డు పక్కన కాచుకుని నిలబడ్డాను. ఉగ్గాని బజ్జి తిన్నానేమో అని ఉగ్గాని, తినలేదేమో అని పస్తు. సైన్సు చదివి ఇదేం పనిరా అని లోపలెవరో అడుగుతూనే ఉన్నారు. మేనమామ అంతకంటే గట్టిగా అడుగుతున్నాడు.

మూడోసారి తేటపడిన పొద్దున నేను పత్తి మార్కెట్ వెనకున్న నా గది నుంచి నడిచి వస్తూ, ఒక కొట్టు ముందు పగిలిన బూడిద గుమ్మడికాయ మీద కాలేసి జారాను. కొట్టతను పరుగున వచ్చి లేవనెత్తి, "సూస్కోని నడ్వల్లన్నా, అమాస కదా, దారంతా దిష్టికాయలే" అని, పడినందుకు ఓదార్పుగా కొబ్బరిముక్క చేతిలో పెట్టాడు. ఆ ముక్క నములుతూనే ల్యాబుకు పోయి మూత ఎత్తాను. రెండూ తేట! నోట్లో కొబ్బరి అట్లాగే ఆగిపోయింది. ముందు రెండుసార్లు కూడా నా నోట్లో ఇదే కొబ్బరి. అప్పుడూ దారిలో కొట్లవాళ్లు పిలిచి పెట్టారు. ప్యాంటు అంచుకు గుమ్మడి గింజ అంటుకుని ఉంటే సార్ తిట్టాడు కూడా. గోడ మీద క్యాలెండర్ చూశాను. నల్లచుక్క. వెనక్కి తిప్పాను. నల్లచుక్క. ఇంకా వెనక్కి. నల్లచుక్కే.

మా బ్యాక్టీరియా అమావాస్యకు అమావాస్యకు పని చేస్తోంది.

ఈ సత్యం తెలిసిన లోకంలోని ఏకైక మనిషిగా నేను పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు. చంద్రుడికీ బ్యాక్టీరియాకూ ఏం సంబంధం? సముద్రానికి ఉంటుందంటారు, ఆదోనిలో సముద్రం ఎక్కడిది? పోనీ ఎవరికైనా చెబుదామంటే ఎవరికి చెప్పాలి? ఊళ్లో చెబితే "మరి! అమాసంటే ఏమనుకున్యావు" అంటారు, ఆశ్చర్యమే పోరు. సార్‌కు చెబితే? పిల్లి ఎదురైనందుకే పత్తికొండ దాకా పాఠం చెప్పిన మనిషి. అమావాస్య పేరెత్తితే కన్యాకుమారి దాకా నడిపిస్తాడు. పైగా కమిటీ వస్తున్నది. కమిటీ వచ్చే రోజు చూశాను, పౌర్ణమి దాటిన రెండోనాడు. ఆ నాటి పొద్దున పండితుడు ఎట్లా ఉంటాడో నాకు ముందే తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను.

కమిటీ అంటే ఇద్దరు. ఒక పెద్దాయన, ఒక మేడం. పెద్దాయన కుర్చీలో కూర్చున్న వెంటనే కళ్లు మూసుకుని ఆలోచనలో పడ్డాడు, కాసేపటికి ఆ ఆలోచనలోంచి సన్నగా గురక వచ్చింది. మేడం పొట్టిగా, చురుగ్గా, చేతిలో ఉన్న సంచిని ఎవరికీ ఇవ్వకుండా ల్యాబంతా కలియదిరిగింది. సార్ రాత్రి పెట్టిన ఫ్లాస్కులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పండితుడు ఎరుపు, మొద్దు ఎరుపు. సార్ ఏవేవో చెబుతున్నాడు, గొంతులో మాత్రం ఎప్పటి బలం లేదు. మేడం విని, మెల్లిగా అడిగింది. "అంటే ఏడాదిలో ఒక్కసారి కూడా రంగు పోలేదా?"

"గ్లాసువేర్ సరిగా కడగనప్పుడు తప్పిస్తే లేదు మేడం" అన్నాడు సార్.

ఆ మాట తగిలింది నాకు. ఏడాదంతా చర్మం ఊడగొట్టుకుని కడిగాను. మామ ముఖం, అమ్మ ముఖం, సిమెంటు బస్తాలు, అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చి నోరు దానంతటదే తెరుచుకుంది. "పోయింది మేడం. పోతాది. అమావాస్యకు పోతాది."

గురక ఆగిపోయింది. పెద్దాయన కళ్లు తెరిచి, "ఎప్పటికి?" అన్నాడు.

"అమావాస్యకు సార్."

సార్ వైపు చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. పెద్దాయన నవ్వడం మొదలుపెట్టాడు, పొట్ట ఊగుతోంది. మేడం మాత్రం నవ్వలేదు. బల్ల అంచు మీద కూర్చుని, చిన్నపిల్లవాణ్ణి అడిగినట్టు అడిగింది. "సరే. అమావాస్య రోజు ఇక్కడ మామూలుగా జరగనిది ఏం జరుగుతుంది? తెలిసినవన్నీ చెప్పు."

చెప్పాను. గుమ్మడికాయలు పగలగొడతారు. కొబ్బరిముక్కలు పంచుతారు. కోడి కొట్లు ఖాళీగా ఉంటాయి. మా చిన్నమ్మ ప్రయాణం చెయ్యదు. ఆటోలకు నిమ్మకాయలు కడతారు. నేను చెప్పేకొద్దీ పెద్దాయన నవ్వు పెరుగుతోంది, నా గొంతు తగ్గుతోంది. "ఇవన్నీ ల్యాబు బయట. ల్యాబులోపల?" అంది మేడం. లోపల ఏమీ లేదన్నాను. నాకు తెలిసి ఏమీ లేదు మరి. మేడం సంచి సర్దుకోబోయింది. నా పని అయిపోయిందనుకున్నాను.

"నేను ఆపుతా మేడం" అన్నాడు సార్.

అందరం ఆయన వైపు తిరిగాం. సార్ ఎవర్నీ చూడటం లేదు. కిటికీలోంచి ఆదోని కొండ వైపు చూస్తూ, క్లాసు తెలుగు మరిచిపోయి, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడాడు. "అమాసనాడు అర్ధరాత్రి దాటగానే వచ్చి షేకర్ ఆపేస్తా. వీడు వచ్చేలోగా మళ్లీ వేస్తా. మా ఇండ్లల్లో అమాసనాడు మగ్గం ముట్టుకోరు మేడం. సదువుకు పోయే రోజు మాయమ్మ నాతో మాట తీసుకునింది. నువ్వు మగ్గం మింద కూర్చోకపోయినా సరే, నీ చేతికింద తిరిగేది ఏదుంటే దాన్ని అమాసకు ఆపల్ల అనింది. నాకు నమ్మకం లేదు. బొత్తిగా లేదు. మొదట్లో ఎగ్గొట్టినా గానీ, మాయమ్మకు అబద్ధం సెప్పలేక ఈ మూడు అమాసల నుంచి ఆపుతాండా. మాట ఇచ్చినా, అంతే."

బడి బడికీ తిరిగి శకునాల మీద నిప్పులు కురిపించిన మనిషి, కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన గమ్మున ఉండొచ్చు. ఉంటే నా ఉద్యోగం పోయేది, ఆయన పేరు నిలిచేది. ఆ లెక్క నాకప్పుడు తట్టలేదు. ఏడాదంతా నన్ను సీసాలు కడిగించి, చేసిందంతా ఈయనా అని ఒళ్లు మండింది, అంతే. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడాలనిపిస్తుంది.

మేడం లేచి నిలబడింది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. "అమావాస్య కాదు. ఆపడం!" అంది. తర్వాత ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. షేకర్ ఊపినంత సేపు నీళ్లలో గాలి ఉంటుంది. గాలి ఉన్నంత కాలం బ్యాక్టీరియా హాయిగా గాలి పీల్చుకుంటూ రంగు జోలికి పోదు. ఆపేస్తే ఉన్న గాలి కాసేపట్లో అయిపోతుంది. ఊపిరాడక అది అప్పుడు రంగు మీద పడి విరగ్గొడుతుంది. మంచి చేస్తున్నామనుకుని ఏడాదంతా మేం దాన్ని ఊపుతూ కూర్చున్నాం. కరెంటు పోయినప్పుడల్లా షేకర్ ఆగి ఉంటే మాకు మొదటి వారంలోనే తెలిసేది, సార్ తెచ్చిన ఇన్వర్టర్ ఆ అదృష్టం కూడా లేకుండా చేసింది.

"రుజువు చేద్దామా?" అంది మేడం. ఆ మాట ఆమె నోటి నుంచి వింటే సార్ ముఖంలో రక్తం తిరిగొచ్చింది. రెండు ఫ్లాస్కుల్నీ కదలకుండా బల్ల మీద వెచ్చగా పెట్టి, అందరం జొన్నరొట్టె తినడానికి పోయాం. నేను ఏం తిన్నానో నాకు తెలియదు. పెద్దాయన మాత్రం శనక్కాయల పొడి రెండుసార్లు వేయించుకుని, అమావాస్యకు కోడి కొట్లు ఎందుకు ఖాళీగా ఉంటాయని నన్ను వివరంగా అడిగాడు. సాయంకాలం ఎండ తగ్గుతుండగా తిరిగొచ్చి చూశాం. ఒక ఫ్లాస్కు తేటగా, అడుగున పెట్టిన కాగితం మీది అక్షరాలు కనిపించేంత తేటగా ఉంది. రెండోది ఇంకా గులాబీ రంగులో ఉంది.

తేటపడింది మొద్దు.

నేను నంబర్లు రెండుసార్లు చూశాను. సార్ నాలుగుసార్లు చూశాడు. మేడం పగలబడి నవ్వింది. రంగును విరగ్గొట్టే ఎంజైము ఒకటి ఆ మామూలు బ్యాక్టీరియాకు పుట్టుకతోనే ఉందట, ఎవరూ నేర్పనక్కర్లేదట. మేం ఎంతో శ్రమపడి నేర్పిన పండితుడు, మేం చెప్పిన ఎంజైమును శ్రద్ధగా తయారు చేశాడు గానీ, చేసిందాన్ని చేసినట్టే ఉండలు చుట్టి లోపల ఒక మూలకు పడేశాడు. ఆ ఉండలు దేనికీ పనికిరావు. సత్తువంతా దానికే ఖర్చయిపోయి, పుట్టుకతో వచ్చిన పని కూడా నెమ్మదిగా చేస్తున్నాడు; అమావాస్యలకు అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా సమయం దొరికింది కాబట్టే వాడూ తేటపడ్డాడు. అంటే ఏడాదిపాటు మేం చేసిన ఘనకార్యం ఒక పనిమంతుణ్ణి చెడగొట్టడం.

ఇక ప్రాజెక్టు మూతే అనుకుని గోడకు ఆనుకున్నాను. మేడం సంచి భుజానికి తగిలించుకుని సార్‌తో, "మీరు నిలబెట్టి చేసుంటే ఇదంతా ముందే తేలేది. ఇప్పుడు ఆ ఉండల్ని విప్పి ఎంజైమును బతికించే మార్గం చూడండి. పొడిగించమని రాస్తాం. ఈ అబ్బాయిని ఉంచుకోండి, అబద్ధం చెప్పడం చేతకాదు" అంది. పెద్దాయన గడప దగ్గర ఆగి, "వచ్చే అమావాస్యకు ఏదైనా అద్భుతం జరిగితే ఫోన్ చెయ్యండి" అని నా వీపు తట్టి పోయాడు.

వాళ్ల కారు వెళ్లాక మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం. సార్ అడిగాడు.

"అమాస సంగతి ముందే తెలుసు కదరా నీకు. నాకెందుకు సెప్పలా?"

"తిడతారని సార్." నా కోపం ఇంకా చల్లారలేదు. "మీరు ఆపే సంగతి నాకెందుకు సెప్పలేదు?"

సార్ చెప్పు కొనతో మెట్టు గీకాడు. "నువ్వు నవ్వుతావని."

ఆ సాయంత్రమే మామకు ఫోన్ చేసి బస్సెక్కడం లేదన్నాను. నీళ్లు తెల్లగైనాయా అని అడిగాడు. అయినాయి గానీ మేం చెప్పినోడు చెయ్యలేదు, చెప్పనోడు చేసినాడు అన్నాను. "నువ్వు బాగనే ఉండావు కదా అల్లుడూ?" అన్నాడు మామ. కాలేజీలో మాత్రం వారం తిరక్కుండా రుజువు సార్ పేరు అమావాస్య సార్‌గా మారింది. స్టాఫ్‌రూములో క్యాలెండర్ చూపించి మరీ ఆటపట్టించేవాళ్లు. సార్ నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు వెనక ఆయన ఎంత కుంచించుకుపోయాడో పక్కనే ఉన్న నాకే తెలియలేదు. బడులకు పోయి కర్పూరం వెలిగించడం ఆయన కొన్నాళ్లు మానేశాడు.

తర్వాతి అమావాస్యకు సార్ నన్ను ఎమ్మిగనూరుకు పిలుచుకుపోయాడు. చిన్న ఇల్లు. గుంటమగ్గం మీద పాతచీర కప్పి ఉంది. సార్ తమ్ముడు ఎక్కడికో తిరగను పోయాడు. వాళ్లమ్మ, రంగు నూలు చుట్టి చుట్టి వేళ్లు కాయలు కాసిన మనిషి, మాకు రొట్టెలు పెట్టింది. సార్ చేతులు కడుక్కోవడానికి లేచిన సమయం చూసి నా దగ్గరకు జరిగి, గొంతు తగ్గించి అడిగింది. "నిజం సెప్పు నాయనా. మావోడు ఈ పొద్దు మిషను ఆపినాడా? వాడు నాకు మాట ఇచ్చినాడు గానీ, సదువుకున్నోడు కదా, నాకు అనుమానమే."

"ఆపినాడమ్మా" అన్నాను గర్వంగా. "ఈ పొద్దేం, ఇప్పుడు మాకు రోజూ ఆపేదే. ఆపితేనే మా పని అయితాది."

ఆమె చేతిలో రొట్టె ఆగిపోయింది. నన్ను కిందికీ మీదికీ చూసింది. "రోజూ ఆపితే మీకు తిండెట్ల నాయనా?"

తలుపు దగ్గర సార్ చేతులు తుడుచుకునే తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. నాకేమో అది నవ్వే విషయంగా తోచలేదు. మా అమ్మ ఏడాది పొడుగునా అడగకుండా దిగమింగుకున్న ప్రశ్న అదేనని కూడా తోచలేదు. ఆ పెద్దామెకు సైన్సు అర్థమయ్యేలా చెప్పాల్సిన బాధ్యత నా మీద పడిందనుకుని, గాలి దగ్గర మొదలుపెట్టి, బ్యాక్టీరియా ఊపిరి, రంగు ముక్కలు, జన్యువు, ఎంజైము ఉండలు, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పుకుపోయాను. ఆమె విన్నంతసేపు విని, "ఏ తల్లి కన్న బిడ్డో, ఎంత ఆకలిగా ఉండాడో" అని నా కంచంలో ఇంకో రొట్టె వేసింది. నేను ఆ రొట్టె నములుతూ కూడా చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు నేను కూడా అదే ఆదోనిలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను, అప్పుడప్పుడు ఆ రొట్టెల కంచం ముందు చేతులు తిప్పుతున్న కుర్రవాడు గుర్తొస్తాడు. వాడి పక్కన కూర్చుని, చాలులే నాయనా, ముందు తిను, ఆమె అడిగింది నువ్వు తిన్నావా అనే అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వాడు వినడు. నోటినిండా రొట్టె పెట్టుకుని, ఆక్సిజన్ గురించి మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాడు.